నాగభూషణం సారు గుండె మీద జరిగిన చర్చ

మొన్న హిందూపురంలో ఈసీజీ తీయించుకోవడానికి బల్ల మీద పడుకున్నాను. వయసు పైబడిన వాళ్లందరికీ డాక్టర్లు చెప్పే మామూలు పరీక్షే. పరీక్ష చేసే అమ్మాయి ఛాతీ మీద చల్లటి జెల్లీ రాసింది. ఆ చల్లదనం చర్మానికి తగలగానే నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

"కదలొద్దు సార్, గీతలు తప్పొస్తాయి. ఏంటికి నవ్వుతాండారు?" అంది ఆ అమ్మాయి.

ఏమని చెప్పను? ఇదే ఊళ్లో, ఎనభైలు ముగుస్తున్న రోజుల్లో, ఇలాంటి బల్ల మీదే ఒక మనిషి పడుకున్నాడు. ఎద మీద బండరాయి పెట్టినంత నొప్పితో ఉన్నాడు. అంత నొప్పిలోనూ జెల్లీ రాస్తున్న అతన్ని చూసి, "ఏమప్పా, పెనానికి నూనె పూసినట్ల పూస్తాండావే, దోసె పోస్తావా ఏంది?" అన్నాడు. రాసేవాడు నవ్వాలో భయపడాలో తెలియక నా వైపు చూశాడు. ఆ మనిషి పేరు నాగభూషణం సారు. ఇది చదివే వాళ్లలో ఆయన్ని చూసినవాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు. ఆయన పుస్తకాలు రాయలేదు, పెద్ద సభల్లో మాట్లాడలేదు. పెనుకొండ హైస్కూల్లో సైన్సు చెప్పాడు. ఈ నలభై ఏళ్లలో నేను రాసినవాటిలో ఏదైనా పనికొచ్చేది ఉంటే, దాని వెనక ఆయన నేర్పిన ఒక పద్ధతి ఉంది. పనికిరానివి రాసినప్పుడల్లా ఆ పద్ధతి మరిచిపోయి రాశాను.

డెబ్బైల మొదట్లో నేను ఆయన క్లాసులో చేరాను. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. శనివారం మధ్యాహ్నం సైన్సు గదిలో బల్లలు పక్కకు జరిపి చర్చ పెట్టేవాడు. విషయాలు పెద్దవేం కావు. దిష్టి తగులుతుందా, పిల్లి ఎదురొస్తే ఆగాలా, ఆడపిల్లలకు లెక్కలు వస్తాయా, ఇలాంటివి. కానీ ఆయన చర్చకు ఒక నియమం ఉండేది. ఎవరైనా తన వాదన మొదలుపెట్టే ముందు ఎదుటి పక్షం మాట చెప్పాలి. ఊరికే చెప్తే చాలదు. ఎదుటివాడు లేచి, "ఔ, నేను చెప్పేది ఇదే" అని ఒప్పుకునేదాకా చెప్పాలి. అతను ఒప్పుకోకపోతే మన వంతు పోయినట్టే.

మొదట్లో ఇది నాకు ఒళ్లు మండించే సంగతి. మా ఇంట్లో గ్రహణం నాడు పొయ్యి వెలిగించేవాళ్లు కాదు. నీళ్ల బిందె మీద గరిక వేసేవాళ్లు. నాకు అదంతా చీల్చి చెండాడాలని ఉండేది. ఒకసారి గ్రహణం ముందు శనివారం అదే చర్చ పెట్టాడు. నేను ఎగిరి లేచాను.

"ఉండప్పా వెంకటేశు," అన్నాడు సారు. "అంత పెద్ద దేవుని పేరు పెట్టుకుని అంత తొందర ఏంటికి? మీ ఇంట్లో గ్రహణం పట్టించుకునేది ఎవరు?"

"మా అవ్వ, సార్."

"ఆమెను అడిగినావా ఎప్పుడన్నా, ఎందుకని?"

"అడిగేదేముంది సార్? మూఢనమ్మకం."

"అడగకుండానే తెలిసిపోయిందా? నువ్వు అంజనమేస్తాండావా ఏంది?"

క్లాసంతా నవ్వింది. ఇంటికి పోయి మా అవ్వను అడిగాను. ఆమె నా మొహం చూసి, "ఇంతకాలానికి అడిగితివి రా," అంది. "ఆ పూట పొయ్యి కాడికి పోయే పనిల్యా. నా అత్త గూడా నన్ను పని చెయ్యమనడానికిల్యా. నేను ఈ ఇంట్లోకి వచ్చినాక పట్టపగలు కాళ్లు చాపుకుని కూసునింది గ్రహణం నాడే. నువ్వొచ్చి అది గూడా తీసేస్తానంటావు."

తర్వాతి శనివారం ఆ మాట అలాగే చెప్పాను. అవతలి పక్షం అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని "ఔ" అన్నారు. వాళ్లకూ అప్పటిదాకా తెలియని తమ వాదన అది. ఆ తర్వాత నేను నా వాదన చెప్పాను. సూర్యుడికి, చంద్రుడికి, అన్నం గిన్నెకు సంబంధం లేదు, అవ్వకు విశ్రాంతి కావాలంటే గ్రహణం దాకా ఆగనక్కర్లేదు, ప్రతి ఆదివారం మగవాళ్లే వండొచ్చు అన్నాను. అంతకు ముందు వారం మాట్లాడనిచ్చి ఉంటే నేను ఒక ముసలమ్మను వెక్కిరించి కూర్చునేవాణ్ణి. ఈ వారం అత్తాకోడళ్ల గురించి, పొయ్యి గురించి, ఇంట్లో మగవాళ్ల గురించి మాట్లాడాను. రెండింటికీ తేడా ఏమిటో ఆ వయసులో నాకు పూర్తిగా తెలియలేదు. సారు మాత్రం చాక్‌పీసు ముక్క నా జేబులో వేసి, "ఇది బహుమానం. ఆదివారం వంట నువ్వు చేస్తివో లేదో సోమవారం అడుగుతా," అన్నాడు. చెయ్యలేదు. అడిగాడు.

తర్వాత నేను హిందూపురంలో జూనియర్ కాలేజీ లెక్చరరునయ్యాను. చిన్న పత్రికలకు వ్యాసాలు రాయడం మొదలుపెట్టాను. బాబాలు, తాయెత్తులు, వాస్తు, ముహూర్తాలు, కులం పేరుతో నడిచే దౌర్జన్యం, దేన్నీ వదిలేవాణ్ణి కాదు. అచ్చయిన ప్రతి వ్యాసం పెనుకొండకు తీసుకుపోయి సారుకు చూపించేవాణ్ణి. ఆయన పెన్సిలు తీసి విశేషణాలన్నీ కొట్టేసేవాడు. "నీచమైన", "సిగ్గుమాలిన", "దగుల్బాజీ", ఒక్కటీ మిగిలేది కాదు.

"అవి తీసేస్తే వ్యాసంలో వేడి ఏముంటుంది సార్?" అని ఒకసారి కోప్పడ్డాను.

"కోపం నీది. దాన్ని నీ దగ్గరే పెట్టుకో. చదివేవానికి కారణం ఇయ్యి. కారణం బాగుంటే కోపం వానికే వస్తుంది, నీ కంటే ఎక్కువ వస్తుంది," అన్నాడు.

ఆయన భార్య నరసమ్మగారు లోపలి నుంచి మజ్జిగ తెస్తూ, "నువ్వు ఆ కాగితాలు తీసుకుని రావొద్దు నాయనా. ఈయన పెన్సిళ్లు అరిగిపోతాండాయి," అనేది.

నరసమ్మగారిది ధర్మవరం. ఆమె తమ్ముడు ఆదెప్ప అక్కడ పట్టుచీరలు నేసేవాడు, తన చీరలు తనే అమ్ముకునేవాడు కూడా. సారు కూడా నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడే. చదువుకుని ఉద్యోగానికి వచ్చినా ప్రతి వేసవి సెలవుల్లో ధర్మవరం పోయి బామ్మర్ది ఇంట్లో మగ్గం గుంతలో దిగేవాడు. చేతికి పని మరుపు రాకూడదని ఆయన పట్టుదల. ఆదెప్పకు అది పెద్ద వేడుక. "మా బావ పిల్లోళ్లకు పాఠం చెప్తాడు, నేను మా బావకు చెప్తా," అని వీధంతా చెప్పుకునేవాడు. ఆదెప్ప భక్తుడు. ఇంట్లో పటాలు లేని గోడ ఉండేది కాదు. బావకూ అతనికీ రోజూ వాదన జరిగేది, రోజూ ఒకే కంచం ముందు తెమిలేది.

నేను మొదట చెప్పిన ఆ ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో నేను వాళ్లను చూడటానికి ధర్మవరం వెళ్లాను. సారు మగ్గం గట్టున కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు. ఆదెప్ప వేయించిన ఉప్పు గుడ్డలో మూటగట్టి, ఆయన ఎడమ భుజానికీ ఎదకూ కాపడం పెడుతున్నాడు.

"ఏమయింది సార్?"

"మగ్గం నొప్పి," అన్నాడు ఆదెప్ప, అదేదో తన ఇంటి ఆస్తి అన్నట్టు. "ఏడాదికొకసారి వచ్చి కూసుంటే రాకేం చేస్తాది?"

సారు నాకు చక్కగా వివరించాడు. కుడిచేత్తో, పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె తాడు గుంజుతాం, ఎడమచేత్తో ఆ దారాన్ని ఒత్తే పలకను ఎదకేసి లాగుతాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే చెయ్యి, అదే భుజం. ముందుకు వంగినప్పుడల్లా నేసిన చీర చుట్టుకునే దోనె ఎదకు ఒత్తుకుంటుంది. అలవాటు తప్పిన కండ కాబట్టి నొప్పి అక్కడే పడుతుంది, ఎడమ చేతిలో, ఎదలో. ధర్మవరంలో ఏ నేతగాణ్ణి అడిగినా అదే మాట చెప్తాడు, అదే కాపడం పెడతాడు. అందులో దయ్యం లేదు, గ్రహం లేదు, దిష్టి లేదు. కారణానికీ ఫలితానికీ నడుమ అడ్డేమీ లేదు. నాకు ఎంత నచ్చిందంటే, అది వ్యాసంలో ఉదాహరణగా వాడుకోవాలని మనసులో గుర్తుపెట్టుకున్నాను.

ఆ వివరణ తప్పు. దాన్ని తప్పని కనిపెట్టింది సారే.

సెలవులు అయిపోతుండగా ఆయన పెనుకొండకు తిరిగొచ్చాడు. ఒక ఉదయం హిందూపురంలో మా ఇంటి ముందు రిక్షా ఆగింది. సారు, నరసమ్మగారు దిగారు. సారు చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. గడప దగ్గరే నిలబడి, "ఏం వెంకటేశు, నాకు గుండెజబ్బు ఉండాదని అనుకుంటాండా. అవునో కాదో చూద్దాం, రా," అన్నాడు.

"మగ్గం నొప్పి అన్నారు కదా సార్?"

"మగ్గం దిగి ఎన్నో దినాలాయె. చెయ్యి ఊరికే ఉండాది. నొప్పి మాత్రం స్టేషను మెట్లెక్కితే వస్తాంది, కూసుంటే పోతాంది. ఈ పొద్దు కూసున్నా పోలేదు. కండ నొప్పికి మెట్లతో ఏం పని?" ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మంచి కారణం దొరికింది కదా అని వెతికేది ఆపేస్తిని. తాయెత్తు కట్టుకున్నోడు గూడా అంతే కదప్పా చేసేది."

ఆ మాట అప్పుడు నేను సరిగా వినలేదు. ఆయన్ని అదే రిక్షాలో, ఊళ్లో ఈసీజీ మెషీను ఉన్న రహీం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. దోసె మాట అక్కడ అన్నదే. రహీం డాక్టరు కాగితం మీద గీతలు చూసి, నాలుక కింద మాత్ర పెట్టించి, ఇంజక్షను చేసి, నన్ను పక్కకు పిలిచాడు. "గుండెపోటు. వచ్చి పోయింది కాదు, ఇంకా నడుస్తాండాది. నా దగ్గర ఉండేది ఇంతే. కారు మాట్లాడతా, బెంగుళూరుకు తీస్కపోదాం. నేను గూడా వస్తా," అన్నాడు. దారిపొడవునా ఆయన సారు మణికట్టు వదల్లేదు.

బెంగుళూరులో మమ్మల్ని చేర్చుకున్న ఆసుపత్రిలో అప్పుడప్పుడే గుండె ఆపరేషన్లు ఎక్కువగా చేస్తున్నారు. గుండెకు రక్తం తెచ్చే నాళాల్లోకి రంగు ఎక్కించి ఫోటోలు తీశారు. మూడు నాళాలూ బాగా మూసుకుపోయాయి. మందులు ఎక్కిస్తున్నా నొప్పి తగ్గినట్టే తగ్గి తిరిగి వస్తోంది. మర్నాడు పొద్దున సర్జన్ మమ్మల్ని వరండాలో నిలబెట్టి చెప్పాడు. నడివయసు మనిషి, కన్నడం కలిసిన తెలుగు.

"కాలులోంచి రక్తనాళం తీసి, మూసుకున్న చోటు దాటించి గుండెకు కుడతాం. బైపాస్ అంటారు. ఆ పని చేసేటప్పుడు గుండెను ఆపుతాం, అంతసేపూ మెషీను రక్తాన్ని నడిపిస్తుంది. మామూలుగా గుండెపోటు నడుస్తుండగా మేము కోయం. దెబ్బ తిన్న గుండె మెత్తగా ఉంటుంది. కొన్ని వారాలు ఆగి చేస్తే మేలు. కానీ ఈయనకు నొప్పి ఆగడం లేదు. ఆగితే ఇంకో పోటు రావచ్చు, దాన్ని తట్టుకోలేరు. ఇప్పుడు చేస్తే బల్ల మీదే పోవచ్చు. నా మనసు ఇప్పుడే చెయ్యమంటోంది. మధ్యాహ్నానికి మీ మాట చెప్పండి."

ఆయన వెళ్లగానే వరండాలో యుద్ధం మొదలైంది. పొద్దున రైలుకే ధర్మవరం నుంచి వచ్చిన ఆదెప్ప, "వద్దంటే వద్దు. కొట్టుకునే గుండెను ఆపేదేంది? వాళ్ల నోటితోనే చెప్పిరి, ఈ టయంలో కొయ్యకూడదని. మొక్కు మొక్కినా. నాలుగు దినాలు చూద్దాం," అన్నాడు.

"మొక్కులతో నాళాలు తెరుచుకుంటాయా అన్నా? ఫోటోలో కళ్లకు కనబడుతోంది కదా. అంత పెద్ద డాక్టరు చెయ్యమంటున్నాడు, సైన్సు ఇంత దూరం వచ్చింది..."

"నీ సైన్సు నా బావను చంపుతాది రా!"

"నీ దేవుడు చంపుతాడు!"

నరసమ్మగారు మా ఇద్దరి నడుమ నిలబడి, "ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఆయనకు చెప్పండి ఈ మాటలు," అంది. ఆమె లోపలికి వెళ్లి సారుతో ఏం చెప్పిందో, కాసేపటికి సిస్టర్ వచ్చి ఇద్దర్నీ రమ్మంది.

సారు మంచం మీద సగం కూర్చున్నట్టు పడుకుని ఉన్నాడు. చేతికి సూది, ముక్కుకు గొట్టం. నొప్పి లేని వ్యవధి అది. మొహం మైనంలా ఉంది. మా ఇద్దర్నీ చూసి, మెల్లగా, మా పెనుకొండ సైన్సు గదిలో చెప్పినట్టే చెప్పాడు.

"ఆదెప్పా, ఆపరేషన్ ఎందుకు చెయ్యాల్నో నువ్వు చెప్పు. వెంకటేశూ, ఎందుకు చెయ్యకూడదో నువ్వు."

"బావా, ఇది ఆటనా?" అన్నాడు ఆదెప్ప.

"నా ప్రాణం రా. ఆటెట్లయితాది? వరండాలో మీరు అరిచినదాంట్లో నాకు పనికొచ్చేది ఒక్క ముక్క ల్యా. వెంకటేశు, ముందు నువ్వు. పెద్దగా వద్దు, సిస్టరమ్మ తరిమేస్తాది."

నేను మొదలుపెట్టాను. సర్జన్ చెప్పిన మాటల్లో వరండాలో నేను పట్టించుకోనివి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గుండెపోటు నడుస్తుండగా కోయకపోవడమే మామూలు పద్ధతి. ఆ పద్ధతి కూడా సైన్సు చెప్పిందే. మెత్తబడిన కండలో కుట్టు నిలవకపోవచ్చు. మందులింకా ఎక్కుతున్నాయి, అవి పని చెయ్యవని ఇంకా తేలలేదు. ఆగితే చేయగలిగే వీలు ఉంటుంది, చేశాక ఆగే వీలుండదు. ఆదెప్ప నోరు తెరుచుకుని విని, "ఔ. నేను చెప్పేది అదే. నేను చెప్పినదానికంటే బాగుండాది," అన్నాడు.

సారు నా వైపు చూశాడు. "నిన్నట్నించి నీ మొకం చూస్తాండా. తేరు లాగేవాని మొకం లాగుండాది. నువ్వు ఆపరేషన్‌ను నమ్ముతాండావు అబ్బీ. నమ్మొద్దు, తూచు."

తర్వాత ఆదెప్ప వంతు. తువ్వాలు భుజం మీంచి తీసి మళ్లీ వేసుకున్నాడు. అతనికి డాక్టరు మాటలు గుర్తు లేవు. తనకు తెలిసిన చోటి నుంచే మొదలుపెట్టాడు.

"నేసేటప్పుడు పడుగులో పోగు తెగితే," అన్నాడు, "ఇంకొక మూర నేసి ముడేద్దామని ఎవురూ అనుకోరు. నేస్తే ఆ మూరంతా సందు పడతాది. పక్క పోగుల మీద బరువు పడతాది, అవీ తెగుతాయి. తెగిన తావునే మగ్గం ఆపాల. ఆపితే పలక ఆగిపాయె, నాడె ఆగిపాయె, చీర యాడికీ పోదు. ముడేసినాక మళ్లా నడుస్తాది. నడుస్తాండే మగ్గంలో చెయ్యి పెట్టి ముడేసినోన్ని నేను చూడలా." బావ వైపు తిరిగాడు. "ఆపితే భయమని నేనంటి. ఆపకుండా ముడేసేదే భయం." తన నోట వచ్చిన మాటకు తనే బిత్తరపోయి, "బావా, నేను ఒప్పుకోలేదు. నువ్వు చెప్పమంటే చెప్తి," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు "ఔ" అనాల్సింది నేను. అన్నాను. నా వ్యాసాల్లో ఎక్కడా అంత సూటిగా ఆ మాట చెప్పలేకపోయేవాణ్ణి.

సర్జన్ వచ్చాడు. సారు ఆయన్ని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "డాక్టర్ గారూ, ఇప్పుడే చెయ్యాలనే మీ మాట తప్పని మీకు ఎట్ల తెలుస్తుంది?"

సర్జన్ ఇలాంటి ప్రశ్న ఊహించలేదు. మొదట కొంచెం చిరాకుపడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మందు పెంచి చూస్తాను. మీరు కదలకుండా పడుకోవాలి. ఈ పూట నొప్పి రాకపోతే నా తొందర తప్పు, ఆగుతాను. వస్తే, ఆగడం తప్పు."

"బాగుండాది," అన్నాడు సారు. "అదే పెట్టుకుందాం. నరసూ, నీ మాట?"

నరసమ్మగారు ఆయన పాదాల దగ్గర నిలబడి ఉంది. "నొప్పి వస్తే నాతో దాచకుండా చెప్పాల. అంతే నా మాట," అంది.

మిగతావాళ్లు బయటికి వెళ్లారు. నన్ను మాత్రం ఆగమన్నాడు. "భయముందా సార్?" అని అడిగాను.

"ఉండాది. భయం గూడా ఒక పక్షమే, దానికీ ఒక ఓటిద్దాం. రెండు మాత్రం ఇయ్యొద్దు." కళ్లు మూసుకుని మళ్లీ అన్నాడు. "ఒక మాట. నేను బతికితే ఆపరేషన్ గొప్పదని రాయొద్దు. చస్తే చెడ్డదని రాయొద్దు. ఒక్క నాగభూషణంతో ఏదీ తేలదు."

మధ్యాహ్నం దాటింది. అద్దం తలుపు బయట మేము ముగ్గురం నిలబడి చూస్తున్నాం. ఆయన కదలకుండా పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నొప్పి వచ్చిందో లేదో ఆయన చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకపోతే కత్తి తప్పుతుంది. ఆ సంగతి మా అందరికంటే బాగా ఆయనకే తెలుసు. ఎండ కిటికీ మీంచి మంచం దాకా జరిగింది. అప్పుడు ఆయన చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లవాడు ఎత్తినట్టు. సిస్టర్ వంగింది. అద్దం అవతల మాట వినబడలేదు గానీ పెదాలు కనబడ్డాయి. "వచ్చింది" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. మేము బెంచీ మీద కూర్చున్నాం. ఆదెప్ప కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. జీవితంలో మొదటిసారి నాకు దాన్ని ఖండించాలని అనిపించలేదు. నా దగ్గర అంతకంటే మెరుగైన పని ఏదీ లేదు. చాలాసేపటికి సర్జన్ వచ్చి టోపీ తీసి, "గుండె మళ్లీ మొదలైంది. ఇంకా కొన్నాళ్లు చూడాలి," అన్నాడు.

సారు బతికాడు. కొన్ని వారాల తర్వాత ఎద మీద పొడుగాటి గాటుతో, కర్ర సాయంతో పెనుకొండలో నడవడం మొదలుపెట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఆదెప్ప తన మొక్కు సంగతి చెప్పేవాడు. నేను ఎంతో నిగ్రహించుకునేవాణ్ణి. చివరికి ఒకరోజు ఆదెప్ప కొండకు పోయి గుండు కొట్టించుకొస్తానంటే, సారు తనూ వెంట వెళ్లాడని తెలిసింది. నాకు తల తిరిగిపోయింది. వాళ్లు తిరిగి రాగానే పెనుకొండకు పరుగెత్తాను.

"సార్, మీరా? కొండకా? రేపు జనం ఏమంటారు?"

"మొక్కు వాడిది. నడక నాది. డాక్టరు రోజూ నడవమన్నాడు," అన్నాడు. నవ్వి, "లోపలికి నేను పోలేదులే. వాడు గుండుతో బయటికొస్తే ఎట్లుంటాడో చూడాలని బయట కూసున్న. బాగుండాడు," అన్నాడు. పక్కనే ఉన్న ఆదెప్ప కొత్త గుండు నిమురుకుంటూ, "ఇంకేం కావల్ల నీకు? నా దేవుడు బతికించినోన్ని నా దేవుని దగ్గరికే తోడు తీస్కపోతి," అన్నాడు.

"బతికించింది ఆపరేషన్ అన్నా," అన్నాను, ఇక ఉండబట్టలేక.

"అది గూడా నీకు తెలీదు," అన్నాడు సారు. "ఆగి ఉన్నా బతికేవాన్నేమో. అట్లా ఆగిన నాగభూషణాన్ని నువ్వు చూసినావా? ఇట్లాంటి జబ్బు మనుషుల్ని వేలమందిని, ఆగినోళ్లను ఒకపక్క, ఆగనోళ్లను ఒకపక్క పెట్టి ఎవురన్నా లెక్క చూడాల. అప్పటిదాకా నీకూ తెలీదు, వీనికీ తెలీదు. నీకు ఒకటే ఎక్కువ. ఎట్ల తెలుసుకోవల్నో తెలుసు."

ఆ తర్వాత ఆయన కొన్నేళ్లు బతికాడు. రిటైరయ్యాక కూడా శనివారం చర్చ మానలేదు. పోయింది గుండెతో కాదు, వేరే జబ్బుతో. సంతాప సభ పెనుకొండ స్కూల్లోనే పెట్టారు. చివర్లో నన్ను మాట్లాడమన్నారు. జిల్లా నలుమూలల నుంచి వచ్చిన హేతువాద మిత్రులు ముందు వరసలో ఉన్నారు. నా నుంచి వాళ్లు ఏం ఆశిస్తున్నారో నాకు తెలుసు. ఆయన్ని బతికించింది దేవుడు కాదు, సైన్సు అనే ఆ ఒక్క వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది. చప్పట్లు పడే వాక్యం. అటు పక్క నరసమ్మగారు, ఆమె పక్కన ఆదెప్ప. బావ మీద అతనికి ఉన్న హక్కును ఆ సభలో అందరి ముందూ నేను లాక్కోవడానికి ఒక్క వాక్యం చాలు.

"ఆ రోజు ఆపరేషన్ చెయ్యకపోయినా ఆయన బతికేవాడేమో, నాకు తెలియదు," అన్నాను. "ఆయనకు నొప్పి వచ్చినప్పుడు దాచకుండా చెయ్యెత్తాడు. అది మాత్రం చూశాను. నాకు తెలిసింది అంతే." కూర్చున్నాను. మిత్రులకు నచ్చలేదు. ఒకరిద్దరు నాకు అప్పుడే వయసు మీద పడిందన్నారు.

సభ అయ్యాక ఆదెప్ప వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏమబ్బా, మా బావ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే, తెలీదు తెలీదు అంటావేంది?" అన్నాడు. కోపమే అనుకున్నాను. మోచెయ్యి మాత్రం వదల్లేదు. "ఆయన గూడా అట్లే అంటాండె," అన్నాడు.

ఇప్పటికీ ఏ సభలోనైనా నిలబడి "నాకు తెలియదు" అనాల్సి వస్తే నాకు ముందు భయమే వేస్తుంది. అయినా అంటాను.